బిగింపు రాళ్ళు

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. అంత దూరాన గోడకు చేరగిలబడితే మాట సగం మీకు, సగం గోడకు పోతుంది. ఇది కండక్టరమ్మ కథ. బస్సులో టిక్కెట్లు కొట్టే మనిషికి కొండ మీద రాళ్ళతో ఏం పని అంటారా? ఉంది, వినండి.

ఆ ఊరి చివర కొండ, కొండ మీదికి కాలిబాట. సెలవు రోజు వస్తే జనం ఎక్కుతారు, దిగుతారు, బాట బాగుందంటారు. బాట దానంతటది బాగుంటుందా? వానకు కోసుకుపోతుంది, కంప కమ్ముకుంటుంది, మెట్లు వదులవుతాయి. అందుకని ఊళ్ళో కొందరు, ఎవరూ బొట్టు పెట్టి పిలవకుండానే, వానలు వెనకబట్టాక ఒక వారం పాటు గునపాలు భుజాన వేసుకుని వెళ్ళి బాగుచేసి వస్తుంటారు. ఆ వారం మొదటిరోజు పొద్దున్నే వాళ్ళ పనిముట్ల కొట్టం ముందు కండక్టరమ్మ ప్రత్యక్షమైంది. పాత యూనిఫాం చొక్కా, నడుముకు బిగించి కట్టిన చున్నీ, ఎవరినో పట్టుకోవడానికి వచ్చినట్టున్న చూపు.

పట్టుకోవడానికే వచ్చింది. ఆమె తమ్ముడు ఆ కొండ దిగుతూ మూడో మలుపులో మెట్టు ఊగి, మనిషి ముందుకు తూలి, రాయీ తనూ కలిసి దొర్లి, తొడ దాకా పిండికట్టుతో అక్క ఇంట్లో మంచాన పడున్నాడు. ఆ మెట్టు వేసిన మహానుభావుడు ఎవరో తేల్చాలి. ఆ మాట మాత్రం ఆమె ఎవరితోనూ అనలేదు.

"ఎప్పుడైనా గునపం పట్టారా?" అని అడిగింది పోస్టుమాస్టరమ్మ. ఆ గుంపుకు పెద్ద ఆవిడే.

"పట్టలేదు. కిక్కిరిసిన బస్సులో దువ్వెన దూరని సందులోంచి వెనక సీటు దాకా పోయి వస్తాను. అది వచ్చినదానికి ఇది రాకపోతుందా?"

కళ్ళద్దాల షాపాయన నవ్వాడు. టైర్ల షాపాయన నవ్వలేదు. మనిషి ఎత్తూ లావూ, మెడ ఉందో లేదో తెలియదు, గుంపులో అందరూ అతన్ని గుదిబండ అంటారు. అతను గునపాల మొనలు వేలితో తడిమి చూసుకుంటూ, "ఇక్కడ అరుపులు అక్కర్లేదు. రాళ్ళు దిగండి అంటే దిగవు," అన్నాడు.

ఉప్పూ నిప్పూ అక్కడే కలిశాయి.

పని చూస్తే తేలికే అనిపిస్తుంది. కొండవైపు మన్ను తవ్వి గుంట చెయ్యాలి. గుంట అడుగు కాస్త కొండలోకి వాలి ఉండాలి, బయటికి వాలితే రాయి జారుతుంది. అందులోకి పెద్దరాయిని గునపాలతో మీటి దించాలి. రాయి ఎంత బరువైనా వెనక సందు ఉంటే ఆగదు. ఆ సందులో పిడికెడేసి రాళ్ళు, ఇంకా చిన్నవి, ఇంకా చిన్నవి కూరి సుత్తితో దిగ్గొట్టాలి. వాటిని బిగింపు రాళ్ళంటారు. మెట్టును పట్టుకునేవి అవే, పైకి కనబడేది మాత్రం పెద్దరాయి. ఆ తర్వాత గుంపంతా ఒకరి తర్వాత ఒకరు దాని మీదికెక్కి గెంతుతారు. ఇసుమంత ఊగినా పీకెయ్యాల్సిందే. ఊగకపోతే మన్ను కప్పుతారు.

"మన్ను కప్పాక అది ఎవరు వేశారన్న మాట ఎత్తకూడదు," అంది పోస్టుమాస్టరమ్మ. "ఇక్కడ రాయికి పేరుండదు."

"ఎందుకుండదు? చేసిన పనికి పేరు చెప్పుకోవడానికి సిగ్గెందుకు?"

"సిగ్గు కాదమ్మా. ఏదైనా జరిగిన రోజున కొండను చూసుకునే ఆఫీసు వాళ్ళకి పేరు దొరికితే ఆ ఒక్కరి మెడకే చుడతారు. ఆ మనిషిని మళ్ళీ పనిముట్టు ముట్టనివ్వరు. అలా ఇద్దరు ముగ్గురికి జరిగితే రాయెత్తడానికి ఇంకెవరొస్తారు?"

"అంటే అందరిదీ అని చెప్పి ఎవరిదీ కాకుండా చేస్తారన్నమాట."

"నచ్చకపోతే కింద బస్సుంది," అన్నాడు గుదిబండ. "టిక్కెట్టు కూడా కొట్టుకోనక్కర్లేదేమో నీకు."

ఆమె తన మొదటి రాయిని మధ్యాహ్నం దాకా తంటాలు పడి వేసింది. చేతులు బొబ్బలెక్కాయి. పోస్టుమాస్టరమ్మ గెంతింది, ఊగలేదు. కళ్ళద్దాలాయన గెంతాడు, ఊగలేదు. గుదిబండ వచ్చి గెంతనైనా గెంతలేదు. మడమతో ఒక మూల నొక్కాడు. టుక్కుమంది. ఒక్కమాట చెప్పకుండా గునపం దూర్చి రాయిని బయటికి తోసేశాడు.

"చెప్పి పీకొచ్చుగా!"

"రాయి చెప్పింది. వినబడలేదా?"

కోపంతో ఆమె చెవులు వేడెక్కాయి. బస్సులో అయితే పీక పట్టుకుని దింపేసేది. ఇక్కడ కొండ ఎవరినీ దింపదు కదా, పళ్ళు బిగబట్టి గుంట మళ్ళీ తవ్వింది.

మర్నాడు, ఆ మర్నాడు కూడా ఆమె నోరు తగ్గించి కళ్ళు పెంచింది. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే ఉద్యోగం ఆమెది. జేబు తడుముకునే తీరును బట్టి టిక్కెట్టుందో లేదో చెప్పేస్తుంది. మనుషులకు నడకలో, తుమ్ములో తేడా ఉన్నట్టే రాయి వెయ్యడంలోనూ ఉంటుందని కనిపెట్టింది. పోస్టుమాస్టరమ్మ రాయి అంచులు సుత్తితో కొట్టి కొట్టి, చట్రంలో తలుపు దిగినట్టు దించుతుంది. కళ్ళద్దాలాయన పల్చటి పలకలు ఏరుకుంటాడు, వేశాక అరచేత్తో దుమ్ము తుడుస్తాడు. గుదిబండకు అంచులు కొట్టే ఓపిక లేదు. ఉన్నవాటిలోకల్లా పెద్దరాయి తెచ్చి పడేస్తాడు. వెనక చెయ్యి దూరేంత సందు వదిలేస్తాడు. ఆ సందు నిండా బిగింపు రాళ్ళు కూరి, సమ్మెటతో దిగ్గొట్టి, ముగిసిందంటాడు. అతని మెట్టు కదిలిందని ఎవరూ అనగా వినలేదు గాని ఆ సందు మాత్రం ఎక్కడ చూసినా కనబడుతూనే ఉంది. వాన మీది మన్నును కడిగేసిన పాత మెట్లలో కూడా.

"ఆ రాయిని కాస్త కొడితే అంత సందుండదుగా?" అని ఒకసారి అడిగింది.

"నీ నోటికి కాస్త సందు తక్కువైతే పని త్వరగా అవుతుంది," అన్నాడు.

మూడో మలుపు పని వచ్చేసరికి కొండ ఆఫీసు గార్డు కూడా అక్కడికి వచ్చాడు. మనిషి పడిన చోటు కదా, చూసి పొమ్మన్నారట. దొర్లిన రాయి కింద పొదలో బోర్లా పడి ఉంది. అది ఉండాల్సిన చోట గుంట నోరు తెరుచుకుని ఉంది. పక్క మెట్లన్నీ చెక్కుచెదరలేదు. ఒక్కొక్కటీ ఏనుగు పాదమంత రాయి, ఒక్కొక్కదాని వెనకా చెయ్యి దూరేంత సందు.

కండక్టరమ్మ ఆ మెట్లకేసి చూసింది. గార్డుకేసి చూసింది. ఇంతకంటే మంచి స్టాపు దొరకదనుకుంది.

"ఇది నీ చెయ్యి," అంది గుదిబండతో, అందరికీ వినబడేలా. "ఈ వరస మొత్తం నీ చెయ్యే. ఇక్కడ పడ్డవాడు మా తమ్ముడు."

పోస్టుమాస్టరమ్మ చేతిలో పార నేలకు ఆనింది. "కండక్టరమ్మా, వద్దు."

"ఎందుకొద్దు? మా వాడు మంచంలో పక్కకి తిరగాలన్నా నన్ను పిలుస్తున్నాడు. ఈయన మాత్రం దర్జాగా నా రాళ్ళు పీకుతున్నాడు. అడగండి, కాదనమనండి!"

గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకుంటాడని ఆమె ఎదురుచూసింది. గుదిబండ భుజాలు కదల్లేదు. గుంటకేసి చూశాడు.

"నాదే," అన్నాడు.

గార్డు ఇబ్బందిగా దగ్గాడు. పేరు బయటికొచ్చాక అతను మాత్రం ఏం చేస్తాడు? దగ్గరికెళ్ళి చెయ్యి చాచాడు. గుదిబండ గునపాన్ని అతని చేతికిచ్చి, చొక్కా దులుపుకుని, మలుపు తిరిగి దిగిపోయాడు. చెప్పుల చప్పుడు కింద చాలాసేపు వినబడింది.

ఆ సాయంత్రం తమ్ముడికి ఆమె పండగ చేసినంత సంబరంగా చెప్పింది. తమ్ముడు దిండు మీద గుద్ది మరీ మెచ్చుకున్నాడు.

మర్నాడు పొద్దున పని దగ్గర ఎవరూ ఆమెను పలకరించలేదు. నీళ్ళ సీసా చేతులు మారుతూ వచ్చి ఆమె దగ్గరికి రాకముందే మూత పడిపోయింది. పెద్దరాయికి తాడు కట్టి దుంగ దూర్చి ఇద్దరిద్దరుగా మొయ్యాలి కదా, ఆమె ఒక కొస భుజానికెత్తుకుని నిలబడితే రెండో కొస నేల మీదే ఉండిపోయింది.

"ఎవరూ పట్టరా?"

"నీకు సాయం ఎందుకమ్మా," అన్నాడు కళ్ళద్దాలాయన, ఆమెకేసి చూడకుండానే. "కొండ మొత్తం మీద తప్పులేని చెయ్యి నీదొక్కటేగా. మావి తగిలితే మైలపడుతుంది."

"తప్పు చేసినవాణ్ణి వదిలేసి నా మీదా మీ ప్రతాపం?"

పోస్టుమాస్టరమ్మ నడుం వంచి తవ్వుతూనే అంది. "మూడో మలుపు గుంట నువ్వే శుభ్రం చెయ్యి. నీ తమ్ముడి మెట్టు కదా. నువ్వే వేసుకో."

సరే, వేసుకుంటానంది. రోషం బరువులు మోయిస్తుంది, చూశారా. ఒక్కతే గుంటలోకి దిగి మన్ను తోడింది. తోడుతుంటే ఆమె చెయ్యి ఆగిపోయింది.

గుంట వెనక భాగం ఖాళీగా ఉంది. రాయి దొర్లిపోతే బిగింపు రాళ్ళు చెదిరి కిందా మీదా పడాలి, లేదా అక్కడే కుప్పబడాలి. వాన కోసేస్తే బురద పేరుకోవాలి. అక్కడ ఒక్క రాయి లేదు. పొదలో వెతికింది, లేదు. పక్క మెట్టు సందులో వేలు పెట్టి చూసింది, అది గట్టిగా కూరి ఉంది, గోరు కూడా దిగలేదు. ఈ గుంట మాత్రం పళ్ళన్నీ ఊడబీకిన చిగుళ్ళలా నున్నగా ఉంది. రాళ్ళు ఆనిన గుర్తులు మన్నులో చిన్న చిన్న గిన్నెల్లా అలాగే ఉన్నాయి.

కూరలేదని అనడానికి లేదు. కూరాడు. మరి అవి ఏమైనట్టు?

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ ఆ మాటే తమ్ముడితో అంది. "గుంట వెనక బోసిగా ఉందిరా. చిన్నరాళ్ళు ఒక్కటీ లేవు. ఎవరో చేత్తో ఏరినట్టు."

తమ్ముడు మంచం మీద దిండుకు ఆనుకుని నారింజ ఒలుస్తున్నాడు. "మూడో మలుపు మెట్లేనా అక్కా? పైమెట్టు మీద కూర్చుని కింది మెట్టు మీద కాళ్ళు పెట్టుకుంటే, సరిగ్గా కాళ్ళ మధ్య ఉంటాయే, అవేనా? భలే రాళ్ళులే అవి. అన్నీ ఒకే వాటంగా ఉంటాయి. పక్కన బండ మీద నా గోపురాలన్నీ వాటితో కట్టినవే. ఒకదాని మీద ఒకటి, మోకాలెత్తు! ఎక్కేవాళ్ళంతా ఆగి ఫొటోలు తీసుకునేవాళ్ళు. ఇంకా ఉన్నాయా, పడిపోయాయా?"

కండక్టరమ్మ చెంబు కింద పెట్టింది.

"ఎన్నాళ్ళ నుంచి ఏరుతున్నావు?"

"పోయినప్పుడల్లా రెండో మూడో. గట్టిగా ఉంటాయి, ముందు పుల్లతో కదపాలి. తర్వాత తర్వాత వదులై వాటంతటవే వచ్చేసేవి." తొన నోట్లో వేసుకున్నాడు. నమలడం మధ్యలో ఆపాడు. అక్క ముఖం చూశాడు. "ఏంటక్కా?"

"ఒరే, ఆ మెట్టును పట్టుకున్నవి అవేరా."

తమ్ముడు మిగిలిన నారింజను పళ్ళెంలో పెట్టి పక్కకు జరిపాడు.

"నాకేం తెలుసు? రాయి పీకితే మెట్టు పడుతుందని బోర్డు పెట్టారా? అయినా అంత సందు వదిలింది ఎవడు? పీకడానికి వీలుగా వేసింది ఎవడు?"

"అదీ నిజమే. కానీ కూరకుండా పోలేదు అతను. రేపు గార్డుతో చెప్పాలి."

"చెప్తే ఏం చేస్తారో తెలుసా? రాళ్ళు పీకినవాణ్ణి కొండ ఎక్కనివ్వరు. ఈ కట్టు విప్పాక నేను ఎక్కాలనుకుంటున్నది అదొక్కటే. అదీ లేకుండా చేస్తావా?" గొంతు సన్నబడి, వెంటనే లేచింది. "ఎవడక్కా వాడు? చుట్టమా, పక్కమా? వాడి గునపం కోసం నన్ను అప్పగిస్తావా? ఎవరి వైపు నువ్వు?"

ఆమెకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. తల్లి పోయాక వీడి ముక్కు తుడిచింది తను. బస్సులో టిక్కెట్టు లేనివాళ్ళను ఎంతమందిని పట్టుకున్నా, చుట్టాలు ఎక్కితే మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ దాటిపోయే కండక్టర్లు ఆమెకు తెలుసు. వాళ్ళను ఆమె ఎంతెంత మాటలన్నదో డిపోలో అడిగితే చెబుతారు. వంటింట్లోకి వెళ్ళి పొయ్యి వెలిగించింది. అన్నం మాడింది. ఇద్దరూ మాడిందని అనకుండానే తిన్నారు.

పొద్దున పనిముట్ల కొట్టం దగ్గరికి గార్డును పిలిపించింది. గుంపంతా నిలబడి ఉండగా చెప్పింది. మెల్లగా చెప్పడం ఆమెకు చేతకాదు, అరిచినట్టే చెప్పింది.

"బిగింపు రాళ్ళు పీకింది మా తమ్ముడు. బండ మీద గోపురాలు కట్టాడు. వెళ్ళి చూడండి, సుత్తి దెబ్బలు కూడా ఉన్నాయి వాటి మీద. సందు పెద్దగా వదిలింది టైర్లాయన, అది తప్పే. కూరింది మాత్రం సరిగ్గానే కూరాడు. ఇద్దరి మాటా చెప్పాను. ఇక మీ ఇష్టం."

గార్డు మలుపు దాకా వెళ్ళి వచ్చాడు. రెండు రాళ్ళు చేత్తో పట్టుకుని వచ్చాడు. టైర్లాయన మెట్టు సంగతి మాఫీ అని, అతని గునపం పోస్టుమాస్టరమ్మకు తిరిగిచ్చాడు. తమ్ముడు మాత్రం మళ్ళీ వానలు వచ్చి పోయేదాకా కొండ మీద కాలు పెట్టకూడదన్నాడు. శభాష్ అన్నవాళ్ళు లేరు. కళ్ళద్దాలాయన గొంతు సవరించుకుని, "మొన్న ఒక పేరు. ఇవాళ ఇంకో పేరు. ఈమె నోటికి పేర్లు దొరక్కపోతే నిద్రపట్టదనుకుంటా," అన్నాడు. పోస్టుమాస్టరమ్మ ఆ గునపం కండక్టరమ్మ చేతికిచ్చి, "ఇది అతని కొట్లో ఇచ్చి రా. అతని చేతిలోంచి పోయింది నీ మూలానే," అంది.

టైర్ల షాపులో గుదిబండ లారీ చక్రాన్ని నేల మీద పడుకోబెట్టి, అంచులోకి ఇనుపకడ్డీ దూర్చి టైరు ఊడదీస్తున్నాడు. గాలి మిషను దడదడమంటోంది. ఆమె గుమ్మంలో నిలబడింది. అతను తలెత్తలేదు.

"క్షమాపణ అడగడానికైతే వద్దు. పనిలో ఉన్నాను."

"అడగడానికి రాలేదు. నీ గునపం తెచ్చాను. రాళ్ళు పీకింది మా తమ్ముడని గార్డుతో చెప్పాను."

కడ్డీ ఆగింది. "ఎవరు అడిగారు నిన్ను?"

"ఎవరూ అడగలేదు."

"చెయ్యి దూరే సందు వదిలాను. వాడు కాకపోతే ఇంకొకడు పీకుతాడు. తప్పు తప్పే."

"అదీ చెప్పాను."

గుదిబండ అప్పుడు తలెత్తి చూశాడు. ఆమె వచ్చిన రోజు నుంచి అతను సూటిగా చూడటం అదే మొదలు.

"అదీ చెప్పావా?"

"సందు నీది, పీకుడు మావాడిది అన్నాను."

"నోరు మూసుకోవడం అనేది నీకు పుట్టుకలోనే రాలేదా?"

"వస్తే బస్సులో ఇన్నేళ్ళు బతికేదాన్నా?"

గునపాన్ని గోడకు ఆనించి వచ్చేసింది. అతను ఉంచుకున్నాడో, విసిరేశాడో వెనక్కి తిరిగి చూడలేదు.

ఇంటికి వస్తే మంచం ఖాళీగా ఉంది. తమ్ముడు ఆటో పిలిపించుకుని, పిండికట్టు కాలు సీటు మీద చాపుకుని, పిన్ని వాళ్ళింటికి వెళ్ళిపోయాడని పక్కింటావిడ చెప్పింది. ఫోను చేస్తే పిన్ని ఎత్తింది. "వాడు మాట్లాడనంటున్నాడే. తోడబుట్టినదానివేనా నువ్వు అంటున్నాడు. నేనూ అదే అడుగుదామనుకున్నాను," అని పెట్టేసింది. కండక్టరమ్మ దుప్పటి మడతపెట్టింది. నారింజ తొక్కలు ఎత్తింది. మందుల డబ్బా సంచిలో పెట్టి, పిన్ని వాళ్ళ వీధికి వెళ్ళి, తలుపు తీయకపోతే గడపలో పెట్టి వచ్చింది.

చివరి రోజు పనికి వెళ్ళాలా వద్దా అని చెప్పులేసుకుని విప్పింది, విప్పి వేసుకుంది. మూడో మలుపులో గుంట అలాగే ఉందిగా. వెళ్ళింది.

గుదిబండ ఆమె కంటే ముందే ఉన్నాడు. దొర్లిపోయిన రాయిని పొదలోంచి పైకి ఎక్కించి, దాని పక్కన గొంతుక్కూర్చుని, అంచు మీద సుత్తితో కొడుతున్నాడు. అలవాటు లేని పని, దెబ్బ ఒకచోట వేస్తే పెచ్చు ఇంకోచోట లేస్తోంది. తిట్టుకుంటున్నాడు. ఆమె బండ దగ్గరికి పోయి తమ్ముడి గోపురాలు ఒక్కొక్కటే పడగొట్టి తట్టలోకి ఏరింది. పైనుంచి దిగుతున్న జంట ఒకటి ఆగింది. "అయ్యో, ఎంత ముచ్చటగా ఉన్నాయి! చూసి ఓర్వలేరా మీరు?" అంది అందులో అమ్మాయి. కండక్టరమ్మకు జవాబు నాలుక చివరి దాకా వచ్చింది. మింగేసింది. తట్ట నెత్తినెత్తుకుని వచ్చి గుంట పక్కన దింపింది.

రాయిని దించాలి. అది ఒక్కరితో అయ్యేది కాదు. గుదిబండ ఒక పక్క గునపం దూర్చి, రెండో గునపం ఆమె కాళ్ళ దగ్గర పడేశాడు. చేతికివ్వలేదు, పడేశాడు. ఆమె తీసుకుని రెండో పక్క దూర్చింది.

"ఎడమకి," అన్నాడు.

ఆమె తోసింది.

"ఇంకా. ఇంకా. ఆపు. ఆపమన్నానా? వెనక్కి. వేళ్ళు తియ్యి."

పోస్టుమాస్టరమ్మతో అలాగే అంటాడు, కళ్ళద్దాలాయనతో అలాగే అంటాడు, చూపు రాయి మీద పెట్టి, ఎదుట ఉన్నది మనిషో మానో పట్టనట్టు. ఆమెతో అలా అనడం అదే మొదటిసారి. రాయి గుంటలోకి కూర్చుంది. సందు వేలు మందం కూడా లేదు. ఆమె మోకాళ్ళ మీద వంగి, తట్టలోంచి అన్నిటికంటే సన్నవి ఏరి ఒక్కొక్కటే అందించింది. అతను దిగ్గొట్టాడు. మిగిలినవి వేరే మెట్లకు పనికొస్తాయని ఆమె తట్ట ఎత్తుకుంది. ఎవరి పక్కకు వాళ్ళు జరిగారు.

ఇంతే. దీన్ని గుర్తుపెట్టుకోండి, మీ పిల్లలకూ చెప్పండి. ఒక్కటి మాత్రం జాగ్రత్త. చెప్పేవాళ్ళకు చివరికొచ్చేసరికి నోరు ఊరుకోదు, ఆ ఇద్దరూ ఒకరినొకరు చూసి నవ్వుకున్నారనీ, తమ్ముడు తిరిగొచ్చి అక్క కాళ్ళ దగ్గర కూర్చున్నాడనీ కలిపేస్తారు. విన్నవాళ్ళకు హాయిగా ఉంటుంది కూడా. కలపకండి. వాళ్ళు నవ్వుకోలేదు. పిన్ని ఇంటి తలుపు ఆ వారం తెరుచుకోలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి.